యూనివర్సిటీ పోర్టల్‌లో హోల్డ్ పడిందా? అమెరికా వెళ్తున్న మన నెల్లూరు పిల్లల కోసం మొదటి నుంచి చివరిదాకా

జూలై వచ్చిందంటే నా ఫోన్ రాత్రి పదింటి తర్వాతే మోగుతుంది. "అక్కా, క్లాసులు రిజిస్టర్ చేద్దామని కూర్చున్నా, ఎర్రగా ఏదో హోల్డ్ అని ఉండాది, ఏం నొక్కినా పోవడంలా" అని కావలి నుంచి ఒకరు, కందుకూరు నుంచి ఒకరు, బుచ్చి నుంచి ఇంకొకరు. వీసా వచ్చేసింది, టికెట్ కొన్నారు, కొంతమంది రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి విదేశీ రొట్టె కూడా పట్టుకున్నారు, ఇంక సూట్‌కేసు సర్దుకోవడమే అనుకుంటున్న టైములో ఇది. ఇంట్లో అందరికీ సీటు పోయిందేమో అని భయం.

సీటు పోలేదు. కానీ దీన్ని వదిలేస్తే మాత్రం కావలసిన క్లాసులు పోతాయి. నాకు అలాగే పోయింది. నేను ఎంఎస్‌కి వెళ్లినప్పుడు నాన్న ఇక్కడి బ్యాంకు నుంచి పంపిన ఫీజులో 25 డాలర్లు మధ్యలో ఏదో బ్యాంకు కోసుకుంది. అకౌంట్‌లో 25 డాలర్లు బాకీ, దాని మీద హోల్డ్. నేనేమో నాలుగు రోజులు ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ మీద మెయిల్ పెట్టా. వాళ్లు ఐదో రోజు "ఇది మాది కాదు, ఫీజుల ఆఫీసుని అడుగు" అన్నారు. ఈలోపు నేను తీసుకోవాలనుకున్న డేటాబేస్ క్లాసు నిండిపోయింది, సంవత్సరం తర్వాత గానీ మళ్లీ దొరకలేదు. అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

అసలు హోల్డ్ అంటే

మీ రికార్డు మీద ఒక ఆఫీసు వేసిన తాళం, అంతే. ఫీజుల ఆఫీసు ఒక తాళం వేస్తుంది, హెల్త్ సెంటర్ ఒకటి, అడ్మిషన్స్ ఒకటి, మీ డిపార్ట్‌మెంట్ ఒకటి. ఎవరి తాళం వాళ్లే తీయాలి, పక్క ఆఫీసు వాళ్లకి అది కనపడుతుంది గానీ తీసే అధికారం ఉండదు. ఒకేసారి మూడు నాలుగు ఉండొచ్చు, ఒకటి తీయించుకుని అయిపోయిందనుకుంటే రెండోది అడ్డం పడుతుంది. ఇది శిక్ష కాదు, మీ మీద ఎవరికో అనుమానం వచ్చిందని కూడా కాదు. కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ ఒకటి రెండు ముందే వేసి ఉంచడం చాలా యూనివర్సిటీల్లో మామూలు పద్ధతి.

మొదటి పని: స్క్రీన్ మీద ఏముందో పూర్తిగా చదవండి

చాలామంది ఎర్ర గుర్తు చూడగానే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. గ్రూపులో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు, ఆ యూనివర్సిటీ వేరు, మీది వేరు. ముందు లోపలికి వెళ్లి చదవండి. మీ యూనివర్సిటీది బ్యానర్ అనే సిస్టమ్ అయితే స్టూడెంట్ రికార్డ్స్‌లో వ్యూ హోల్డ్స్ అని ఉంటుంది. పీపుల్‌సాఫ్ట్ అయితే స్టూడెంట్ సెంటర్ పేజీలో హోల్డ్స్ అనే చిన్న పెట్టె, దాని కింద డీటెయిల్స్ అని లింకు. వర్క్‌డే వాడే చోట్ల హోం పేజీలోనో అకడమిక్స్ కిందో కనపడుతుంది.

అక్కడ నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి: హోల్డ్ పేరు, ఎవరు వేశారు, ఏ తేదీన వేశారు, దేన్ని ఆపుతోంది. నాలుగోది ముఖ్యం. కొన్ని హోల్డ్స్ రిజిస్ట్రేషన్ జోలికే రావు, ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల అధికారిక పత్రం) మాత్రమే ఆపుతాయి, వాటి కోసం ఇప్పుడు నిద్ర మానుకోనక్కర్లేదు. ఇంకోటి, బ్యానర్‌లో హోల్డ్ ముగిసే తేదీ దగ్గర 12/31/2099 అని కనపడుతుంది. పోయినేడాది ఒక పాప అది చూసి ఏడుస్తూ ఫోన్ చేసింది, "అక్కా, 2099 దాకా నన్ను చేరనివ్వరంట" అని. ఆ తేదీకి అర్థం, ఇది దానంతట అది పోదు, ఆఫీసులో మనిషి తీసేదాకా ఉంటుంది అని. అంతకు మించి ఏమీ లేదు.

రెండో పని: మెయిల్ మీరే రాయాలి, నాన్న కాదు, కన్సల్టెన్సీ కాదు

ఇక్కడ మనవాళ్లు బాగా దెబ్బతింటారు. అమెరికాలో ఫెర్పా అని 1974 నాటి చట్టం ఒకటి ఉంది. కాలేజీలో చేరిన స్టూడెంట్ రికార్డు గురించి ఆ స్టూడెంట్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అమ్మానాన్నలకి కూడా చెప్పరు. నాన్న ఫోన్ చేసి "మా అబ్బాయి ఫీజు మొత్తం కట్టేశా, ఇంకా ఎందుకు ఆపారు" అని గంట మాట్లాడినా అవతలివాళ్లు మర్యాదగా సారీ చెప్పి పెట్టేస్తారు. కన్సల్టెన్సీ వాళ్లు మీ పేరుతో జీమెయిల్ నుంచి రాసినా అంతే. మీ యూనివర్సిటీ మెయిల్ ఐడీ నుంచి మీరు రాయండి. నాన్న ఫీజు అకౌంట్ చూడాలంటే పోర్టల్‌లో ఆథరైజ్డ్ యూజర్ అనో ప్రాక్సీ అనో ఇచ్చే వీలు ఉంటుంది, అది ఇచ్చేయండి, ఇంట్లో కూడా సగం టెన్షన్ తగ్గుతుంది.

మెయిల్ చిన్నగా ఉండాలి. సబ్జెక్ట్‌లో హోల్డ్ పేరు, మీ స్టూడెంట్ ఐడీ. లోపల మొదటి వాక్యంలో పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు, ఏ కోర్సు, ఏ సెమిస్టర్. రెండో వాక్యంలో ఏ హోల్డ్ ఉంది, మీరు ఏ రోజు ఏం పంపారు. మూడోది, ఇంకా ఏం కావాలో చెప్పమని. రుజువు జత చేయండి. "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడం" అని మొదలుపెట్టి ఇంటి పరిస్థితి అంతా రాస్తే చదివేవాళ్లకి అసలు విషయం దొరకదు. ఒక ఆఫీసుకి ఒకే మెయిల్, జవాబు ఆలస్యమైతే అదే మెయిల్ కింద రాయండి, కొత్తది మొదలుపెడితే చాలా చోట్ల కొత్త టికెట్ (ఫిర్యాదు నంబరు) పడి మళ్లీ వరస చివరికి పోతుంది.

మూడు పని దినాలు చూసినా పలకకపోతే ఫోన్ చేయండి. టెక్సాస్ లాంటి సెంట్రల్ టైమ్ ఊళ్లలో వేసవిలో పొద్దున తొమ్మిదంటే మనకి రాత్రి ఏడున్నర. ఆఫీసు తెరవగానే చేస్తే లైను తొందరగా దొరుకుతుంది. చేతిలో స్టూడెంట్ ఐడీ, పుట్టిన తేదీ పెట్టుకుని మాట్లాడండి, మాట్లాడినవాళ్ల పేరు అడిగి రాసుకోండి.

టీకాల హోల్డ్: ఇది ఇక్కడే తీర్చుకుని వెళ్లాలి

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ దీని గురించే, అందుకే దీన్ని కాస్త విడమరిచి చెప్తా. చాలా యూనివర్సిటీలు అడిగేది ఎంఎంఆర్ రెండు డోసులు, అంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా. మొదటి డోసు మొదటి పుట్టినరోజు తర్వాత పడి ఉండాలి, రెండింటి మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. మన చిన్నప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో, అంగన్‌వాడీ దగ్గర వేసింది ఒట్టి తట్టు టీకా, రుబెల్లా కలిపి ఇవ్వడం 2017లో గానీ మొదలవలేదు, గవదబిళ్లలది ప్రభుత్వ కార్యక్రమంలో లేదు. కాబట్టి అమ్మ దాచిన పాత కార్డు దొరికినా దాంట్లో సగమే ఉంటుంది. రెండు దారులు. ఒకటి, పొగతోటలో ఏ పిల్లల డాక్టర్ దగ్గరికో, జనరల్ ఫిజీషియన్ దగ్గరికో వెళ్లి రెండు డోసులూ మళ్లీ వేయించుకోవడం. రెండు, రక్తపరీక్ష చేయించి మూడింటికీ ఐజీజీ (రక్షణనిచ్చే యాంటీబాడీలు) ఉందని చూపించడం, దీన్నే టైటర్ అంటారు. టైటర్‌ని ఒప్పుకుంటారో లేదో మీ హెల్త్ సెంటర్ పేజీలో ఉంటుంది. వీసా వచ్చాక చూద్దాంలే అనుకోకండి, ఆ 28 రోజుల గడువుని ఎవరూ తగ్గించలేరు.

టీబీ పరీక్ష విషయంలో ఇంకా జాగ్రత్త. మనందరికీ పుట్టగానే టీబీకి బీసీజీ టీకా వేశారు, దానివల్ల చేతి మీద చేసే చర్మపరీక్ష లేనిపోని పాజిటివ్ చూపించొచ్చు. రక్తంతో చేసే ఐజీఆర్‌ఏ, అంటే క్వాంటిఫెరాన్ లాంటిది, బీసీజీ వల్ల మారదు, అది చేయించుకోవడం మేలు. ఎంఎంఆర్ వేసిన రోజే రక్తం ఇవ్వాలి, లేకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి ఇవ్వాలి. మధ్యలో ఇస్తే ఫలితం నమ్మరు. కొన్ని యూనివర్సిటీలు టీబీ పరీక్ష అమెరికాలో చేసిందే కావాలంటాయి, ఆ మాట ముందే చదువుకుంటే ఇక్కడ డబ్బు వృథా కాదు.

టెక్సాస్ వెళ్లేవాళ్లకి ఒక మాట. కొత్తగా చేరేవాళ్లు 22 ఏళ్లు నిండకపోతే మెనింజైటిస్ టీకా అక్కడి రాష్ట్ర చట్టం ప్రకారం తప్పనిసరి. సెమిస్టర్ మొదలయ్యే రోజుకి కనీసం 10 రోజుల ముందు పడి ఉండాలి, 5 ఏళ్లకి మించి పాతది కాకూడదు. బీటెక్ అవగానే వెళ్లేవాళ్లలో 21 ఏళ్ల పిల్లలు చాలామందే ఉంటారు, వయసు లెక్క చూసుకోండి.

ఇప్పుడు అసలు పట్టుకునే చోటు చెప్తా. ఒక అబ్బాయికి రెండు డోసులూ సక్రమంగా పడ్డాయి, డాక్టర్ గారు లెటర్‌హెడ్ మీద 06/05/2025, 09/06/2025 అని రాసి సంతకం, సీలు వేశారు. జూలైలో అప్‌లోడ్ చేశాడు, తిరస్కరించారు. మళ్లీ అదే అప్‌లోడ్ చేశాడు, మళ్లీ తిరస్కరించారు. మనం చదివితే మే 6, జూన్ 9. అమెరికా వాళ్లు నెల ముందు చదువుతారు, వాళ్లకి అది జూన్ 5, సెప్టెంబర్ 6. రెండో డోసు ఇంకా రాని తేదీన వేసినట్టు కనపడింది! కాగితంలో తప్పేమీ లేదు, రెండు వారాలు మాత్రం పోయాయి. అందుకని డాక్టర్ గారిని అడిగి నెలని అక్షరాల్లో రాయించుకోండి, 06 మే 2025 అన్నట్టు, ఇంగ్లీషులో. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు పొడి అక్షరంగా కాదు పూర్తిగా. పుట్టిన తేదీ, స్టూడెంట్ ఐడీ ప్రతి పేజీ మీద ఉండాలి. యూనివర్సిటీ వాళ్లదే ఫారం ఉంటే ఆ ఫారం మీదే నింపించుకోండి. ఫోన్‌తో నీడ పడేలా తీసిన ఫోటో కాదు, ట్రంక్ రోడ్డులో ఏ జిరాక్స్ షాపులో అయినా శుభ్రంగా స్కాన్ చేసి ఇస్తారు.

పేరు సంగతి వచ్చింది కాబట్టి: పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడి, గివెన్ నేమ్ ఖాళీగా ఉంటే వీసా మీద ఫస్ట్ నేమ్ అన్‌నోన్, పొట్టిగా ఎఫ్‌ఎన్‌యూ అని వస్తుంది, యూనివర్సిటీ రికార్డులో కూడా అదే ఉండొచ్చు. టీకా కాగితం మీద మామూలు పేరు, పోర్టల్‌లో ఎఫ్‌ఎన్‌యూ అయితే రెండూ ఒకరివేనని వాళ్లకి తెలియదు. మెయిల్‌లో ఒక్క ముక్క రాసి పాస్‌పోర్టు మొదటి పేజీ జత చేయండి.

ఫీజు హోల్డ్

నా 25 డాలర్ల కథ చెప్పాను కదా. బ్యాంకు నుంచి నేరుగా పంపేటప్పుడు ఛార్జీలన్నీ పంపేవాళ్లే భరించే ఆప్షన్ అడగండి, బ్యాంకు భాషలో దాన్ని "అవర్" అంటారు. అయినా ఒక్కోసారి మధ్య బ్యాంకు కోస్తుంది, అందుకని కాస్త ఎక్కువే పంపండి, మిగిలింది మీ అకౌంట్‌లోనే ఉంటుంది. బ్యాంకులో విదేశాలకి డబ్బు పంపేటప్పుడు నింపే ఏ2 ఫారంలో చదువు కోసం అని పెట్టాలి, పర్పస్ కోడ్ ఎస్0305. రెఫరెన్స్ గడిలో స్టూడెంట్ ఐడీ లేకపోతే డబ్బు యూనివర్సిటీకి చేరినా ఎవరిదో తెలియక పక్కన పడి ఉంటుంది, మీ పేరు మీద మాత్రం హోల్డ్ ఉంటుంది. బ్యాంకు వాళ్లని స్విఫ్ట్ కాపీ (డబ్బు పంపినట్టు రుజువు) అడిగి తెచ్చుకోండి, డబ్బు కనపడటం లేదంటే వెతికేది దాంతోనే. మీ యూనివర్సిటీ ఫ్లైవైర్, కన్వెరా లాంటి ఫీజు పంపే సర్వీసులు పెట్టి ఉంటే అవి తేలిక, ఐడీ దానంతట అదే వెళ్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో కనపడుతుంది.

లోన్ మీద వెళ్తున్నారా? శాంక్షన్ లెటర్ ఉంది కదా అని ఊరుకోకండి, డబ్బు చేరేదాకా హోల్డ్ పోదు. ఇన్‌వాయిస్ పోర్టల్‌లో రాగానే డౌన్‌లోడ్ చేసి అదే రోజు బ్యాంకు మేనేజర్ గారికి ఇవ్వండి. మొత్తం ఒకేసారి కట్టలేకపోతే పేమెంట్ ప్లాన్‌లో చేరి మొదటి వాయిదా కడితే చాలా చోట్ల తాళం తీసేస్తారు. ఇంకో సంగతి, హెల్త్ ఇన్సూరెన్స్ డబ్బు చాలా యూనివర్సిటీలు మీ ప్రమేయం లేకుండానే బిల్లులో కలిపేస్తాయి. బయట చవగ్గా కొన్నా గడువు లోపల వేవర్ (మినహాయింపు అర్జీ) పెట్టి, వాళ్లు ఒప్పుకుంటేనే అది తీస్తారు, లేకపోతే ఆ మొత్తమే బాకీగా మారి సెమిస్టర్ మధ్యలో కొత్త హోల్డ్ పడుతుంది.

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా: "మీ ఫీజు నేను డిస్కౌంట్‌లో కడతా, నాకు రూపాయల్లో ఇవ్వండి" అని వచ్చేవాళ్లని నమ్మొద్దు, తెలిసినవాళ్లకి తెలిసినవాళ్లయినా సరే. దొంగ కార్డుతో కడతారు, పోర్టల్‌లో బాకీ సున్నా కనపడుతుంది, మీరు డబ్బు ఇచ్చేస్తారు, కొన్ని వారాలకి ఆ చెల్లింపు వెనక్కి పోతుంది. మీ రూపాయలు పోతాయి, ఫీజు మొత్తం మళ్లీ బాకీ, పైగా మీరే సంజాయిషీ చెప్పుకోవాలి.

సర్టిఫికెట్ల హోల్డ్

ఇది మొదటి సెమిస్టర్‌కి కాకుండా రెండో సెమిస్టర్ రిజిస్ట్రేషన్ తెరిచినప్పుడు, అంటే అక్టోబర్, నవంబర్‌లో తగులుతుంటుంది. అడ్మిషన్ అప్పటికి మీ చివరి సెమిస్టర్ మార్కులు రాలేదు కాబట్టి ఫైనల్ మార్కులు, డిగ్రీ వచ్చినట్టు రుజువు తర్వాత ఇవ్వమని అంటారు. కావలసింది కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్, చాలా చోట్ల సీల్ వేసిన కవరులో ట్రాన్స్‌క్రిప్ట్. మన జిల్లా ఇంజనీరింగ్ పిల్లలు ఎక్కువమంది అనంతపురం జేఎన్‌టీయూ కిందికి వస్తారు, ప్రకాశం వైపు వాళ్లు కాకినాడ జేఎన్‌టీయూ, డిగ్రీ చదివినవాళ్లు కాకుటూరులో ఉన్న విక్రమ సింహపురి. ఎవరిదైనా సరే, విమానం ఎక్కకముందే నాలుగైదు సీల్డ్ కవర్లు తెచ్చి పెట్టుకోండి. రెండు మీతో, మిగతావి ఇంట్లో. కవరు మీద సీలు, సంతకం అతుకు మీదుగా ఉండాలి. లోపల ఏముందో చూద్దామని ఒక్కసారి తెరిచారా, ఆ కవరు ఇంక పనికిరాదు.

కొంతమందికి అమెరికా తాళం కంటే ముందు ఇక్కడి తాళం ఉంటుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపడం. అడ్మిషన్ అప్పుడు ఇచ్చిన టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కాపీ పట్టుకుని ప్రిన్సిపాల్ గారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఈలోపు అక్కడి అడ్మిషన్స్‌కి పరిస్థితి చెప్పి గడువు అడగండి, తేదీ రాసి అడిగితే ఇచ్చే అవకాశం ఎక్కువ.

చెక్-ఇన్ హోల్డ్

మీరు వచ్చి చేరారని ఇంటర్నేషనల్ ఆఫీసు నమోదు చేసేదాకా ఉండే హోల్డ్ ఇది. మీరు దిగాకే పోతుంది, ఇక్కడినుంచి ఎంత ప్రయత్నించినా లాభం లేదు. పాస్‌పోర్టు, వీసా పేజీ, ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టినట్టు రికార్డు), అక్కడి అడ్రస్ అప్‌లోడ్ చేయాలి. ఐ-94 అంటే ఎయిర్‌పోర్టులో ఇచ్చే కాగితం అనుకోకండి, సీబీపీ (అమెరికా సరిహద్దు శాఖ) వెబ్‌సైట్ నుంచి మీరే దించుకోవాలి, అందులో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) అని, డీ/ఎస్ (చదువు సాగినంత కాలం ఉండొచ్చు) అని ఉందో లేదో చూసుకోండి. దిగిన రెండో రోజే చేసేయండి. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన కాగితం) మీద ఉన్న ప్రోగ్రాం మొదలయ్యే తేదీ నుంచి 30 రోజుల లోపల యూనివర్సిటీ వాళ్లు అమెరికా ప్రభుత్వ విదేశీ విద్యార్థుల రికార్డు సిస్టమ్ అయిన సెవిస్‌లో మీ రిజిస్ట్రేషన్ నమోదు చేయాలి. ఇది మిగతా హోల్డ్స్ లాంటిది కాదు, అక్కడ తప్పితే మీ స్టేటస్సే పోతుంది.

అడ్వైజర్ హోల్డ్ మాత్రం తేలిక. గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌తో పావుగంట మాట్లాడి ఏ క్లాసులు తీసుకుంటున్నారో చెప్తే వాళ్లే తీస్తారు, కొన్ని చోట్ల ఒక పిన్ ఇస్తారు. ఎమర్జెన్సీ కాంటాక్ట్ నింపడం, ఆన్‌లైన్ ట్రైనింగ్ వీడియోలు చూడటం లాంటివి అరపూటలో అయిపోతాయి, ముందు వాటిని ఊడగొట్టండి. జీపీఏ 3.0 కంటే తగ్గి ప్రొబేషన్ (మార్కులు తగ్గాయన్న హెచ్చరిక) హోల్డ్ పడితే సిగ్గుపడి దాచొద్దు, అడ్వైజర్‌తో కూర్చుని వచ్చే సెమిస్టర్ ప్లాన్ రాసుకుంటేనే అది తీస్తారు.

టైము సరిపోకపోతే, ఇంకా హోల్డ్ పోయాక

క్లాసులు నిండిపోతున్నాయి, రెండో డోసుకి ఇంకా పదిరోజులుంది. అప్పుడు ఆ ఆఫీసునే టెంపరరీ లిఫ్ట్ అడగండి, ఒకటి రెండు రోజులు తాళం తీసి రిజిస్టర్ చేసుకోనిస్తారు. ఎప్పుడు పూర్తి చేస్తారో తేదీతో, రుజువుతో అడగాలి, ఉదాహరణకి మొదటి డోసు కాగితం, రెండో దాని అపాయింట్‌మెంట్. అందరూ ఇవ్వరు, కానీ అడగనివాళ్లకి అసలే రాదు.

హోల్డ్ ఉన్నా సరే, కావలసిన క్లాసులన్నీ ముందే షాపింగ్ కార్ట్‌లో పెట్టి ఉంచండి, రెండు మూడు అదనంగా కూడా. తీసేశామని మెయిల్ రాగానే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి, కొన్ని సిస్టమ్స్ రాత్రి పూట గానీ అప్‌డేట్ కావు. వెంటనే రిజిస్టర్ చేయండి, రేపు చేద్దామనుకోకండి. ఎంఎస్ వాళ్లకి చాలా యూనివర్సిటీల్లో ఫుల్ టైమ్ అంటే 9 క్రెడిట్లు, అందులో ఒక్క ఆన్‌లైన్ క్లాసు మాత్రమే, 3 క్రెడిట్లకి మించకుండా, లెక్కలోకి వస్తుంది. దొరికాయి కదా అని రెండు ఆన్‌లైన్ క్లాసులు పెట్టుకున్నవాళ్లని చూశాను, తర్వాత మార్చుకోడానికి నానా తంటాలు పడ్డారు. క్లాసు నిండి ఉంటే వెయిట్‌లిస్ట్‌లో చేరి ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టండి. ఆలస్యం ఆఫీసు వల్ల జరిగితే లేట్ ఫీజు తీసేయమని మీ దగ్గరున్న మెయిల్స్ చూపించి అడగొచ్చు.

అన్నీ అయ్యాక షెడ్యూల్ పేజీలో ప్రతి క్లాసు పక్కన ఎన్‌రోల్డ్ అనో రిజిస్టర్డ్ అనో ఉందా చూసి, పీడీఎఫ్ దించి ఇంటికి పంపండి. ప్రతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ తెరవడానికి రెండు వారాల ముందు ఒకసారి హోల్డ్స్ పేజీ తెరిచి చూడండి. చివరి సెమిస్టర్‌లో మరీ ముఖ్యం, పార్కింగ్ ఫైన్ ఒకటి, లైబ్రరీ పుస్తకం ఒకటి మిగిలిపోయి డిగ్రీ చేతికి రాక ఆగినవాళ్లు నాకు తెలుసు, అప్పటికి వాళ్లు ఉద్యోగంలో చేరడానికి ఊరు మారి, ఆ పుస్తకం ఏ అట్టపెట్టెలో సర్దారో వెతుక్కుంటున్నారు.